మేజర్ లీగ్‌కు ముందే ఆటగాణ్ణి పసిగట్టడం: టెక్సస్ రేంజర్స్ మైనర్ లీగ్ జట్లను అనుసరించే పద్ధతి

2020 జూన్‌లో జరిగిన అమెరికా బేస్‌బాల్ డ్రాఫ్టులో, అంటే క్లబ్బులు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, టెక్సస్ రేంజర్స్ క్లబ్ మొత్తం మీద 50వ ఎంపికగా ఇవాన్ కార్టర్ అనే హైస్కూలు కుర్రాడి పేరు ప్రకటించింది. టెన్నెసీ రాష్ట్రంలోని ఎలిజబెత్‌టన్ ఊరు దాటితే ఆ పేరు విన్నవాళ్లు అరుదు. డ్రాఫ్టుకు ముందు నిపుణులు వేసే పెద్ద జాబితాల్లోనూ అతడు లేడు. మూడేళ్లు తిరిగేసరికి, 2023 సెప్టెంబరు 8న, 21 ఏళ్లు నిండిన పది రోజులకు, అతడు మేజర్ లీగ్ మైదానంలో ఉన్నాడు. ఆ పోస్ట్‌సీజన్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, 9 డబుల్స్ (ఒకే దెబ్బకు పరుగు దారిలోని రెండో మజిలీకి, అంటే రెండో బేస్‌కు, చేర్చే హిట్లు) కొట్టి రికార్డు నెలకొల్పాడు. రేంజర్స్ చరిత్రలో తొలి వరల్డ్ సిరీస్ టైటిల్, అంటే మేజర్ లీగ్ ఛాంపియన్‌షిప్, కూడా అప్పుడే వచ్చింది.

టీవీలో అక్టోబరు ఆటలు మాత్రమే చూసేవాళ్లకు అతడు ఎక్కడి నుంచో ఊడిపడినట్టు అనిపించాడు. మేజర్ క్లబ్బుల కుర్రాళ్లు తయారయ్యే కింది స్థాయి పోటీలను, అంటే మైనర్ లీగులను, చూసేవాళ్లకు అలా అనిపించలేదు, ఎందుకంటే ఆ మూడేళ్ల జాడ అంతా బహిరంగంగానే ఉంది. దాన్ని చదవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. ఉదాహరణలన్నీ రేంజర్స్ నుంచే తీసుకుంటున్నాను. కారణం సులువే: ఆ క్లబ్ డబుల్-ఏ జట్టు (మైనర్ లీగుల్లో పైనుంచి రెండో మెట్టు) ఆడేది డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉన్న ఊరు అదే. వేలాది తెలుగు కుటుంబాలకు రేపటి మేజర్ లీగ్ ఆటగాళ్లు కారులో పావుగంట దూరంలో ఆడుతున్నారు. పద్ధతి మాత్రం ఏ క్లబ్‌కైనా ఒకటే.

1. మెట్ల వరుస తెలుసుకోండి

క్రికెట్‌లో రంజీ జట్టు రాష్ట్ర సంఘానిది, ఐపీఎల్ జట్టు ఇంకొకరిది. బేస్‌బాల్‌లో అలా కాదు. మైనర్ లీగ్ జట్టు మైదానం, టికెట్ల వ్యాపారం స్థానిక యజమానివే కావచ్చు. ఆటగాళ్లు, కోచ్‌లు మాత్రం మేజర్ లీగ్ క్లబ్ మనుషులు. ఎవరిని ఆడించాలి, ఎన్ని బంతులు వేయించాలి, ఎప్పుడు పై జట్టుకు పంపాలి అన్నది ఆ క్లబ్ నిర్ణయం. అందుకే ఫ్రిస్కో గెలిచిందా ఓడిందా అన్నది రేంజర్స్ యాజమాన్యానికి రెండో ప్రశ్న. మీకూ అది రెండో ప్రశ్నే కావాలి.

2021లో మైనర్ లీగులను పునర్వ్యవస్థీకరించాక 30 మేజర్ లీగ్ క్లబ్బులకు తలా నాలుగు చొప్పున 120 పూర్తి సీజన్ జట్లు మిగిలాయి. రేంజర్స్‌కు పై నుంచి కిందికి: ట్రిపుల్-ఏలో ఆస్టిన్ సమీపంలోని రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్, డబుల్-ఏలో ఫ్రిస్కో రఫ్‌రైడర్స్, హై-ఏలో సౌత్ కరొలైనాలోని హబ్ సిటీ స్పార్టన్‌బర్గర్స్, సింగిల్-ఏలో నార్త్ కరొలైనాలోని హికరీ క్రాడాడ్స్. చివరి రెండింటి విషయంలో జాగ్రత్త. 2024 వరకు హికరీయే హై-ఏ జట్టు, సింగిల్-ఏ జట్టు కిన్‌స్టన్‌లోని డౌన్ ఈస్ట్ వుడ్ డక్స్. 2025లో స్పార్టన్‌బర్గ్‌లో కొత్త మైదానం తెరిచాక వరుస మారింది. పాత గణాంకాల్లో హికరీ కనిపిస్తే ఏ సంవత్సరమో చూసుకోండి.

ఈ నాలుగింటి కింద అరిజోనాలోని సర్‌ప్రైజ్ పట్టణంలో క్లబ్ శిక్షణ ప్రాంగణం ఉంది. అక్కడ కాంప్లెక్స్ లీగ్ జట్టు ఆడుతుంది. ఇంకా కింద డొమినికన్ రిపబ్లిక్‌లో వేసవి లీగ్. అక్కడివాళ్లలో చాలామంది 17, 18 ఏళ్ల పిల్లలు. మొదటి ఏడాది ఆ రెండు మెట్ల జోలికి వెళ్లకండి. అక్కడి అంకెలు అర్థం కావాలంటే ముందు పై మెట్లు కంటికి అలవాటు కావాలి.

2. ఎవరు ఏ దారిన వచ్చారో రాసుకోండి

దారులు రెండు. అమెరికా, కెనడా, పోర్టోరికో కుర్రాళ్లు జూలై డ్రాఫ్టు ద్వారా వస్తారు. 2021 నుంచి అది 20 రౌండ్లు. మిగతా దేశాల కుర్రాళ్లు 16 ఏళ్లకే సంతకం చేయవచ్చు. ఆ గడువు ఏటా జనవరి 15న మొదలవుతుంది. రేంజర్స్ చేతిలోని సెబాస్టియన్ వాల్కాట్ బహామాస్ కుర్రాడు, 2023 జనవరిలో 32 లక్షల డాలర్లకు సంతకం చేశాడు.

సంతకం సొమ్ము తప్పకుండా గుర్తుపెట్టుకోండి. క్లబ్ ఎంత ఓపిక పడుతుందో అది ముందే చెబుతుంది. 2021 డ్రాఫ్టులో రెండో స్థానంలో తీసుకున్న పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) జాక్ లైటర్‌కు రేంజర్స్ 79 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. అదే బెంచీ మీద కూర్చున్న మామూలు డబుల్-ఏ ఆటగాడికి, 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్ల తొలి సమష్టి ఒప్పందం వచ్చాక కూడా, ఏడాదికి దక్కిన కనీస జీతం 30,250 డాలర్లు. ఇద్దరూ వరసగా నెల రోజులు విఫలమైతే ఇద్దరికీ ఒకే న్యాయం జరగదు. ఇది అన్యాయమే. అయినా అనుసరించేవాడు లెక్కలోకి తీసుకోవాల్సిన వాస్తవం.

డ్రాఫ్టులో ప్రతి క్లబ్‌కు ఈ సంతకం సొమ్ము (బోనస్) మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. ఒకరికి తగ్గించి ఇచ్చి మిగిలినది ఇంకొకరి మీద పెట్టవచ్చు. 2022లో రేంజర్స్ మూడో స్థానంలో కుమార్ రాకర్‌ను తీసుకుని, ఆ స్థానానికి కేటాయించిన దానికన్నా బాగా తక్కువగా, 52 లక్షలకు ఒప్పించింది. ఫ్రీ ఏజెంట్లను, అంటే ఏ క్లబ్‌తోనైనా ఒప్పందం చేసుకునే స్వేచ్ఛ ఉన్న ఆటగాళ్లను, తెచ్చుకున్నందుకు ఆ ఏడాది రెండు, మూడు రౌండ్ల ఎంపికలు చేజారాయి. అందుకే మిగిలిన సొమ్ముతో నాలుగో రౌండులో బ్రాక్ పోర్టర్ అనే మిషిగన్ హైస్కూలు పిచ్చర్‌కు 37 లక్షలు ఇచ్చింది. రౌండు సంఖ్య చూసి 'నాలుగో రౌండు వాడేగా' అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. డబ్బు చూస్తే అతడు మొదటి రౌండు ఆటగాడే.

రాకర్ తల్లి లలిత భారత సంతతి మహిళ, తండ్రి ట్రేసీ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. మనవాళ్లు ఆ పేరు చూసి ఆగడం సహజమే. ఆ ఆసక్తితోనే మొదలుపెట్టినా తప్పులేదు, ఎందుకంటే మైనర్ లీగుల్లో పిచ్చర్‌కు ఏమేమి జరగవచ్చో అన్నీ అతడి కథలో ఉన్నాయి. 2021లో న్యూయార్క్ మెట్స్ పదో స్థానంలో తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేసింది. మరుసటి ఏడాది ఏ మేజర్ క్లబ్‌కూ అనుబంధం లేని స్వతంత్ర లీగులో ఆడాడు. అదే ఏడాది రేంజర్స్ తీసుకుంది. 2023 మేలో మోచేతి స్నాయువుకు టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ తొలి ఆట ఆడాడు.

3. పదిమందికి మించి పెట్టుకోకండి

ఒక్కో క్లబ్‌కు అమెరికాలోని మైనర్ లీగుల్లో 165 మంది దాకా ఉండవచ్చు. అందరినీ చూడాలనుకుంటే మే నెలకే విసుగొస్తుంది. పదిమందిని ఎంచుకోండి: పేరున్నవాళ్లు నలుగురు, గత ఏడాది మెట్టు ఎక్కినవాళ్లు ముగ్గురు, ఎవరూ మాట్లాడని ఇద్దరు, గాయం నుంచి తిరిగొస్తున్న ఒకరు. పిచ్చర్లు, బ్యాటర్లు దాదాపు సమానంగా ఉండాలి. పిచ్చర్లనే పెట్టుకుంటే ఆగస్టుకల్లా సగం జాబితా గాయాలతో ఖాళీ అవుతుంది.

నోటు పుస్తకమైనా కంప్యూటర్‌లో పట్టిక అయినా సరే. పేరు, పుట్టిన తేదీ, ఎలా వచ్చాడు, ఎంత సొమ్ము, ఇప్పుడు ఏ మెట్టు, ఆ మెట్టుకు ఏ తేదీన వచ్చాడు: ఈ ఆరు గడులు చాలు.

4. మొదటి ప్రశ్న: వయసెంత, ఏ మెట్టు మీద?

ఈ వ్యాసంలో ఒకే ఒక్క విషయం గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇది గుర్తుంచుకోండి. బ్యాటింగ్ సగటు (బేస్‌బాల్‌లో ఇది పరుగుల లెక్క కాదు, ఎన్ని ప్రయత్నాలకు ఎన్ని హిట్లు అన్న లెక్క; .300 అంటే పదికి మూడు) చూసే ముందు పుట్టిన తేదీ చూడాలి.

డబుల్-ఏలో బ్యాటర్ల వయసు సాధారణంగా 23, 24 దగ్గర ఉంటుంది. వాల్కాట్ 2025 సీజన్ మొత్తం ఫ్రిస్కోలో ఆడేనాటికి అతడికి 19. కాలేజీలో మూడేళ్లు ఆడి, మీసాలు ముదిరి, గంటకు 97 మైళ్ల వేగంతో బంతి విసిరే పిచ్చర్లను ఎదుర్కొంటూ అతడు .255 దగ్గర సగటు, పదికి పైగా హోమ్‌రన్లు (సిక్సర్ లాంటి దెబ్బలు) నమోదు చేశాడు. అదే జట్టులో 25 ఏళ్ల ఆటగాడు .300 కొడితే పత్రికా ప్రకటనలో అతడి పేరే ముందుంటుంది. మీ పుస్తకంలో మాత్రం వాల్కాట్ పేరు పైన ఉండాలి. మరో ఆరేళ్ల ఎదుగుదల అతడి ముందుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. పెద్ద కాలేజీ నుంచి వచ్చిన 21, 22 ఏళ్ల బ్యాటర్ సింగిల్-ఏలో చెలరేగితే ఉబ్బిపోకండి, అతడు ఆడుతున్నది తనకన్నా చిన్నవాళ్లతో. అలాంటివాణ్ణి క్లబ్ ఎంత వేగంగా పైకి పంపుతుందో చూడాలి. వయట్ లాంగ్‌ఫర్డ్ 2023 జూలైలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి నాలుగో స్థానంలో ఎంపికై, అదే వేసవిలో కాంప్లెక్స్ లీగ్, హికరీ, ఫ్రిస్కో, రౌండ్ రాక్ నాలుగింటిలో కలిపి 44 ఆటలు ఆడాడు. 2024 ఆరంభ దినానికి మేజర్ జట్టులో ఉన్నాడు. ఏ మెట్టు మీదా అతడి సంఖ్యలు స్థిరపడేంత కాలం లేదు. అతడి గురించి నిజం చెప్పింది ఆ వేగమే.

ఒక మెట్టు మీద రెండో ఏడాది ఆడుతున్నవాడి మెరుగుదలను కొంత తగ్గించి చదవండి. హై-ఏ నుంచి డబుల్-ఏకి దూకడాన్ని మాత్రం కాస్త పెంచి చదవండి. మెట్టు ఎక్కడాలన్నిటిలో అదే అన్నిటికన్నా కష్టం. కింది మెట్లలో పిచ్చర్ వెనకబడితే, అంటే బయటి బంతులు ఎక్కువ వేసేస్తే, నేరుగా వేగపు బంతే వస్తుంది. డబుల్-ఏలో అప్పుడు కూడా వంపు బంతిని స్ట్రైక్‌గా, అంటే కొట్టదగ్గ పరిధిలోకి, వేయగలవాళ్లు ఉంటారు. వేగపు బంతి కోసం కాచుకుని పెద్దవాళ్లైన బ్యాటర్ల బండారం అక్కడ బయటపడుతుంది.

5. ఏ అంకెను నమ్మాలి

కార్టర్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. 2021లో డౌన్ ఈస్ట్ తరఫున 18 ఏళ్ల వయసులో 32 ఆటలు ఆడాడు, ఆ తర్వాత వెన్ను గాయం. సగటు .236. అంతవరకే చదివితే మర్చిపోదగ్గ ఆటగాడు. పక్క గడిలో ఆన్-బేస్ శాతం, అంటే ఎన్ని అవకాశాలకు ఎన్నిసార్లు అవుటవకుండా బేస్‌కు చేరాడన్నది, .438 ఉంది. నాలుగు బయటి బంతులు వదిలేసి ఉచితంగా బేస్‌కు వెళ్లడాన్ని వాక్ అంటారు. మూడు స్ట్రైక్‌లు పడి (కొట్టదగ్గ బంతి వదిలినా, ఊపి తప్పినా స్ట్రైకే) అవుటవడం స్ట్రైకౌట్. ఆ 32 ఆటల్లో అతడి వాక్‌లు స్ట్రైకౌట్ల కన్నా ఎక్కువ. హైస్కూలు దాటి ఏడాది తిరగని కుర్రాడికి ఏ బంతి వదలాలో తెలుసు. బలం తర్వాత వస్తుంది, ఆ చూపు రావడం కష్టం. రెండేళ్ల తర్వాత ఫ్రిస్కోలో కూడా అతడి ఆన్-బేస్ .400 దాటింది.

బ్యాటర్‌కు నేను చూసే వరుస ఇది: స్ట్రైకౌట్ శాతం, వాక్ శాతం, ఆ తర్వాత బలం అంటే డబుల్స్, హోమ్‌రన్లు. సగటు అన్నిటికన్నా చివర. కింది మెట్లలో నూటికి ముప్పై సార్లకు మించి స్ట్రైకౌట్ అవుతుంటే ఎన్ని హోమ్‌రన్లు కొట్టినా అనుమానించండి. ఇరవై లోపు ఉండి, వాక్‌లు పది దాటితే ఆ పేరు కింద గీత గీయండి. ఇంకో లాభం ఏమిటంటే స్ట్రైకౌట్ శాతం త్వరగా నిలకడకు వస్తుంది. అరవై అవకాశాలకే, అంటే రెండు మూడు వారాలకే, కొంత మాట్లాడుతుంది. సగటు ఒక సీజన్ గడిచినా అదృష్టంతోనే కదులుతూ ఉంటుంది.

పిచ్చర్‌కు ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు (ఒక పూర్తి ఆటకు) ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి కాకుండా ఇచ్చిన పరుగుల లెక్క, సగటులాంటి మాయే. ఎదుర్కొన్న బ్యాటర్లలో స్ట్రైకౌట్ల శాతం నుంచి వాక్‌ల శాతం తీసేయండి. ఇరవై దాటితే చాలా బాగున్నట్టు. పోర్టర్ 2023లో సింగిల్-ఏలో మూడు లోపు ఈఆర్ఏతో ముగించాడు. కానీ వాక్‌లు ఎక్కువే, వచ్చిన మనుషులను పరుగులు కాకుండా ఆపగలిగాడంతే. 2024లో అదుపు పూర్తిగా తప్పింది. ఈఆర్ఏను నమ్మినవాళ్లకు అది పిడుగుపాటు, వాక్‌లు చూసినవాళ్లకు కాదు. లైటర్ సంగతి దీనికి తిరగేసినది: 2022లో ఫ్రిస్కోలో ఈఆర్ఏ 5.54, కానీ 92 ఇన్నింగ్స్‌లో 109 స్ట్రైకౌట్లు. బంతిలో పదును ఉంది, బంతి ఎటు పోతుందో అతడికే తెలియదు.

మైదానం సంగతి కూడా చూసుకోండి. రౌండ్ రాక్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగులో 5,000 అడుగులకు పైన ఉన్న ఆల్బుకెర్కీ లాంటి ఊళ్లు ఉన్నాయి, అక్కడి పలచని గాలిలో బంతి ఎగిరిపోతుంది. ఫ్రిస్కో ప్రత్యర్థి అమరిల్లో కూడా 3,600 అడుగుల ఎత్తున ఉంది. రౌండ్ రాక్ బ్యాటర్ ఒక వారంలో నాలుగు హోమ్‌రన్లు కొడితే, ఆ వారం ఎక్కడ ఆడాడో చూశాకే సంబరపడండి. ట్రిపుల్-ఏ మెట్టు మీద ఒక వెసులుబాటు ఉంది: బంతి వేగం, బ్యాట్ నుంచి ఎంత గట్టిగా వెళ్లింది వంటి స్టాట్‌కాస్ట్ కొలతలు బేస్‌బాల్ సావంత్ అనే వెబ్‌సైటులో అందరికీ ఉచితం. అక్కడికి చేరిన ఆటగాడి విషయంలో అందరూ చూసే పట్టికను పక్కన పెట్టి ఇదే చూడండి.

6. క్లబ్ మాటలు కాదు, కదలికలు చదవండి

యాజమాన్యం ఎవరి గురించి అడిగినా 'చాలా సంతృప్తిగా ఉన్నాం' అంటుంది. ఆ మాటకు విలువ లేదు. రోజూ వెలువడే లావాదేవీల జాబితాకు ఉంది. మైనర్ లీగ్ అధికారిక వెబ్‌సైటులో ప్రతి జట్టుకూ ఆ పేజీ ఉంటుంది. వారానికి రెండుసార్లు చూడండి.

పై మెట్టుకు పంపడం అందరికీ కనిపించేదే. కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. షార్ట్‌స్టాప్‌ను (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఉన్నట్టుండి దూరాన సెంటర్ ఫీల్డులో ఆడించడం మొదలైతే, పై జట్టులో అతడి స్థానం ఖాళీ లేదని అర్థం, లేదా అక్కడ అతడు నిలవడని నిర్ణయించారని అర్థం. మొదటి ఇన్నింగ్స్ నుంచి బంతి వేసే పిచ్చర్ ఏడో ఇన్నింగ్స్‌లో ఒకే ఇన్నింగ్స్ వేస్తుంటే, అతణ్ణి రిలీవర్‌గా, అంటే ఆట మధ్యలో వచ్చి కొద్దిసేపే బంతి వేసేవాడిగా, మార్చి త్వరగా పైకి తెచ్చే ఆలోచన ఉండవచ్చు. క్యాచర్ (క్రికెట్ వికెట్‌కీపర్ లాంటివాడు) వారంలో మూడు రోజులు ఫస్ట్ బేస్‌లో కనిపిస్తే క్యాచింగ్ మీద నమ్మకం సడలుతోంది. ఇవేవీ ప్రకటనల్లో రావు, బాక్స్ స్కోరులో, అంటే ఆట స్కోరుకార్డులో, పేరు పక్కన ఆడిన స్థానం చెప్పే రెండక్షరాల్లోనే ఉంటాయి.

'డెవలప్‌మెంట్ లిస్ట్' అనే మాట కనిపిస్తే ఆగండి. గాయం లేకపోయినా ఆటగాణ్ణి పోటీల నుంచి తప్పించి మెలకువలు దిద్దడానికి పెట్టే జాబితా అది. 2023 వేసవిలో రేంజర్స్ లైటర్‌ను దానిలో పెట్టింది. 79 లక్షలు పెట్టిన పిచ్చర్‌ను సీజన్ మధ్యలో ఆపడమంటే, పోటీల్లో ఆడిస్తే బాగుపడడని ఒప్పుకున్నట్టే. కొందరు అతడి పని అయిపోయిందన్నారు. నా దృష్టిలో క్లబ్ ఇంకా డబ్బు, కోచ్‌ల సమయం పెడుతోందంటే వదులుకోలేదని అర్థం. 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌కు వచ్చి దెబ్బలు తిన్నాడు. 2025లో రొటేషన్‌లో, అంటే వంతులవారీగా ఆటలు మొదలుపెట్టే పిచ్చర్లలో, స్థిరపడి ఈఆర్ఏను నాలుగు లోపు ఉంచాడు. డ్రాఫ్టు నుంచి అక్కడికి నాలుగేళ్లు. పిచ్చర్ల విషయంలో ఇది ఆలస్యం కాదు, మామూలు.

ఇంజర్డ్ లిస్ట్‌లో, అంటే గాయపడ్డవాళ్ల జాబితాలో, ఏడు రోజులదీ ఉంటుంది, అరవై రోజులదీ ఉంటుంది. పిచ్చర్ ముంజేతి నొప్పితో ఏడు రోజుల జాబితాలోకి వెళ్లి మూడు వారాలకూ రాకపోతే, మోచేతి గురించి చెడ్డ వార్తకు సిద్ధంగా ఉండండి.

7. ర్యాంకింగులను ఎంతవరకు తీసుకోవాలి

బేస్‌బాల్ అమెరికా, ఎంఎల్‌బీ పైప్‌లైన్, ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే బేస్‌బాల్ ప్రచురణలు ఏటా మొదటి వందమంది వర్ధమాన ఆటగాళ్ల జాబితాలు ఇస్తాయి. స్కౌట్లు, అంటే ఆటగాళ్లను అంచనా వేయడానికి క్లబ్బులు పంపే మనుషులు, వాడే కొలబద్ద 20 నుంచి 80 వరకు: 50 అంటే మేజర్ లీగ్ సగటు, 60 బాగా మెరుగు, 80 అపురూపం. మొత్తం అంచనా 45 ఉన్న కుర్రాణ్ణి తీసిపారేయకండి, మేజర్ జట్ల బెంచీలు అలాంటివాళ్లతోనే నిండుతాయి.

సంఖ్యను కాదు, కింద రాసిన పేరాను చదవండి. ఒక జాబితాలో 40వ స్థానం, మరో జాబితాలో అసలు లేకపోవడం ఎదురైతే అదే అసలు పాఠం: ఇద్దరు విశ్లేషకులు ఎక్కడ విడిపోయారో కనిపెట్టి, ఆ ఒక్క విషయాన్ని సీజనంతా గమనించండి. 37వ వాడు 52వ వాడి కన్నా గొప్పా అని తర్కించడం మాత్రం కాలక్షేపమే.

8. మైదానానికి వెళ్లేవాళ్లకు

ఫ్రిస్కోలోని రైడర్స్ ఫీల్డులో ఔట్‌ఫీల్డ్ వెనక పిల్లలు తేలుతూ తిరిగే నీటి కాలువ ఒకటి ఉంది. పిల్లలను అక్కడికి పంపి, మీరు హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక వరుసల్లో కూర్చోండి. చేతిలో బంతి వేగం కొలిచే రాడార్ గన్, ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకున్నవాళ్లు కనిపిస్తే వాళ్లు స్కౌట్లు. ఎవరు బంతి వేస్తున్నప్పుడు వాళ్లు ఎక్కువమంది చేరారో చూడటం కూడా సమాచారమే.

2021 నుంచి మైనర్ లీగ్ వారం మంగళవారం మొదలై ఆదివారం ముగుస్తుంది, ఒకే ప్రత్యర్థితో ఆరు ఆటలు, సోమవారం సాధారణంగా సెలవు. ఆరుగురు పిచ్చర్లను వరసగా తిప్పే జట్టులో ఒక్కో పిచ్చర్‌కు ఒక్కో వారం ఖాయమవుతుంది. మీకు కావలసినవాడు గురువారం వేస్తున్నాడని తెలిస్తే శనివారం టికెట్ కొనకండి.

గంట ముందే వెళ్లండి. ఇన్‌ఫీల్డ్ సాధనలో షార్ట్‌స్టాప్ విసురు ఎంత సులువుగా వస్తోందో ఆటలో కన్నా అప్పుడే బాగా కనిపిస్తుంది. ఫోనులో స్టాప్‌వాచ్ తెరవండి. బ్యాట్‌కు బంతి తగిలిన క్షణం నుంచి ఫస్ట్ బేస్ మీద కాలు పడేవరకు కుడిచేతి బ్యాటర్‌కు 4.3 సెకన్లు, ఎడమచేతి బ్యాటర్‌కు 4.2 సగటు. నాలుగు లోపు వస్తే నిజమైన వేగం. రన్నర్ సెకండ్ బేస్ దొంగిలించబోతే, అంటే బ్యాటర్ కొట్టకుండానే అక్కడికి పరుగెత్తితే, బంతి క్యాచర్ చేతికి చేరినప్పటి నుంచి సెకండ్ బేస్ దగ్గరి గ్లవ్‌లో పడేవరకు రెండు సెకన్లు సగటు. మొదట్లో మీ వేలు ఆలస్యమవుతుంది, నాలుగైదు ఆటలకు కుదురుకుంటుంది.

పిచ్చర్‌ను చూసేటప్పుడు స్కోరుబోర్డు మీది వేగాన్ని మొదటి ఇన్నింగ్స్‌లో ఒకసారి, ఐదో ఇన్నింగ్స్‌లో ఒకసారి రాసుకోండి. మూడు మైళ్లు పడిపోతే అతడి భవిష్యత్తు బహుశా రిలీవర్‌గానే. బ్యాటర్‌ను చూసేటప్పుడు కొట్టిన బంతులకన్నా వదిలేసిన బంతులు చూడండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని అనుసరించేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఫ్రిస్కో, రౌండ్ రాక్ రాత్రి ఏడు గంటల ఆటలు వేసవిలో మనకు మర్నాడు ఉదయం ఐదున్నరకు, స్పార్టన్‌బర్గ్, హికరీ ఆటలు నాలుగున్నరకు మొదలవుతాయి. కాఫీ వేళకు సగం ఆట అయిపోయి ఉంటుంది. మైనర్ లీగ్ అధికారిక యాప్‌లో స్కోర్లు ఉచితం, ప్రసారాలకు చందా ఉంటుంది. మనకు ఖాళీగా ఉండేది మంగళవారం ఉదయం. పట్టిక నింపుకోవడానికి అదే సరైన రోజు.

9. జూలైలో మీ జాబితా చెదిరిపోతుంది

వర్ధమాన ఆటగాళ్లు క్లబ్‌కు రేపటి జట్టు మాత్రమే కాదు, క్లబ్బుల మధ్య ఆటగాళ్ల మార్పిళ్లలో ఈ రోజు ఖర్చు పెట్టగల సొమ్ము కూడా. 2023 జూలై నెలాఖరులో పేరున్న పిచ్చర్ మాక్స్ షెర్జర్ కోసం రేంజర్స్ లూయిసాంగెల్ అకూన్యాను మెట్స్‌కు ఇచ్చింది. మరో పిచ్చర్ జోర్డన్ మాంట్‌గొమరీ కోసం థామస్ సాగేసీ, టెకోవా రోబీలు సెయింట్ లూయిస్‌కు వెళ్లారు. ముగ్గురూ ఆ ఏడాది ఫ్రిస్కో ఆటగాళ్లే. మూడు నెలల తర్వాత వరల్డ్ సిరీస్ వచ్చింది, కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. 2025లో పిచ్చర్ మెరిల్ కెల్లీ కోసం కోల్ డ్రేక్, మిచ్ బ్రాట్, డేవిడ్ హేగమన్ అనే ముగ్గురు పిచ్చర్లను అరిజోనాకు ఇచ్చారు. ఆ ఏడాది జట్టు 81 గెలిచి 81 ఓడి ఇంటికెళ్లింది.

వెళ్లిపోయినవాళ్లను పట్టికలోంచి కొట్టేయకండి, వేరే పేజీకి మార్చండి. ఇచ్చింది ఎవరిని, అట్టిపెట్టుకుంది ఎవరిని అన్నదే క్లబ్ తన కుర్రాళ్లకు వేసుకున్న నిజమైన ర్యాంకింగ్. 2023లో అంత అవసరంలోనూ కార్టర్‌ను ఇవ్వలేదు.

10. చలికాలంలో చూడాల్సిన తేదీలు

సెప్టెంబరులో మైనర్ సీజన్లు ముగుస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో అరిజోనా ఫాల్ లీగ్ నడుస్తుంది. ప్రతి క్లబ్ కొందరిని పంపుతుంది, గాయాలతో ఆటలు కోల్పోయినవాళ్లు అందులో ఎక్కువ. అక్కడ పిచ్చర్లు అలసిపోయి ఉంటారు, బ్యాటర్ల అంకెలకు మురిసిపోకండి.

నవంబరులో అసలు పరీక్ష. మేజర్ క్లబ్ 40 మందిని మాత్రమే తన రక్షిత రోస్టర్‌లో (ఆటగాళ్ల జాబితాలో) పెట్టుకోగలదు. 18 లేదా అంతకన్నా తక్కువ వయసులో సంతకం చేసినవాణ్ణి ఐదో సీజన్ తర్వాత, 19 నిండాక చేసినవాణ్ణి నాలుగో సీజన్ తర్వాత ఆ నలభైలో చేర్చకపోతే, డిసెంబరులో జరిగే రూల్ 5 డ్రాఫ్టులో మరో క్లబ్ లక్ష డాలర్లు కట్టి తీసుకుపోవచ్చు. తీసుకున్న క్లబ్ అతణ్ణి తర్వాతి సీజనంతా మేజర్ జట్టులోనే ఉంచాలి, లేదంటే పాత క్లబ్‌కు తిరిగి ఇవ్వజూపాలి. ఈ లెక్కన 2023లో 16 ఏళ్లకు సంతకం చేసినవాడికి 2027 డిసెంబరు, అదే ఏడాది కాలేజీ నుంచి డ్రాఫ్ట్ అయినవాడికి 2026 డిసెంబరు గడువు. మీ పట్టికలో ఏడో గడిగా ఈ సంవత్సరం చేర్చండి. గడువు దగ్గరపడిన కుర్రాళ్లను ఆ వేసవి క్లబ్ ఎంత తొందరగా పరీక్షిస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు. 2010లో రేంజర్స్ తరఫున అమెరికన్ లీగ్ ఉత్తమ ఆటగాడైన జోష్ హామిల్టన్‌ను 2006లో అతడి అప్పటి క్లబ్ పోగొట్టుకున్నది ఈ డ్రాఫ్టులోనే.

నలభైలో చేరాక మరో గడియారం మొదలవుతుంది. కుర్రాణ్ణి మేజర్, మైనర్ మధ్య తిప్పడానికి మామూలుగా మూడు సీజన్ల వెసులుబాటు ఉంటుంది. మూడూ అయిపోయినవాణ్ణి కిందికి పంపాలంటే మిగతా క్లబ్బులకు తీసుకునే అవకాశం ఇవ్వాలి. మేజర్ జట్టులో 172 రోజులు గడిస్తే ఒక సర్వీసు సంవత్సరం, ఆరు సంవత్సరాలకు ఆటగాడు ఫ్రీ ఏజెంట్. 2015లో షికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను ఏప్రిల్ 17 వరకు కింద ఉంచితే అతడికి 171 రోజులు దక్కాయి. ఫిర్యాదు చేసి ఓడిపోయాడు. అందుచేత ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో సిద్ధంగా ఉన్న కుర్రాడు ట్రిపుల్-ఏలో ఉంటే కారణం అతడి ఆట కాకపోవచ్చు. 2022 ఒప్పందంలో, మంచి ర్యాంకున్న కుర్రాణ్ణి మొదటి నుంచీ ఆడించి అతడు ఉత్తమ కొత్త ఆటగాడైతే క్లబ్‌కు అదనపు డ్రాఫ్టు ఎంపిక ఇచ్చే నిబంధన పెట్టాక ఈ పద్ధతి కొంత తగ్గింది.

జనవరి 15న కొత్త అంతర్జాతీయ సంతకాలు, ఫిబ్రవరిలో సర్‌ప్రైజ్‌లో వసంత శిబిరం, మార్చిలో వర్ధమాన ఆటగాళ్లకే ప్రత్యేకించిన స్ప్రింగ్ బ్రేకవుట్ ఆటలు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో నాలుగు జట్ల రోస్టర్లు వెలువడతాయి. అప్పుడు పదిమందిలో కదలనివాళ్లు ఎవరో చూసి ముగ్గురిని తీసేయండి. వాళ్ల స్థానంలో, ఎవరూ ఊహించనంత పై మెట్టు రోస్టర్‌లో కనిపించిన ముగ్గురు చిన్నవాళ్లను రాసుకోండి.